గాలం విసిరే చేతికి తగిన లైను

గాలం అంటే మనకు తెలిసింది ఒక్కటే. వెదురు కర్ర, దానికి నైలాను దారం, మధ్యలో నెమలి ఈక కాడతో చేసిన బెండు, చివర వానపాము గుచ్చిన కొక్కెం. కాలవ గట్టున మగపిల్లలు గంటలకొద్దీ కూర్చునేవాళ్ళు. మనం అటుగా వెళ్తూ "ఏరా, ఏమైనా పడిందా?" అని అడగడమే తప్ప ఆ కర్రని ముట్టుకున్న పాపాన పోలేదు. మన చేతికి వచ్చేసరికి చేప బుట్టలోనో సంచిలోనో ఉండేది. దాన్ని బూడిదతో తోమి, పులుసు పెట్టడం మన వంతు.

అలాంటిది అరవై దాటాక నేను అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఓ ఏటి ఒడ్డున నిలబడి గాలం విసురుతున్న ఫొటో చూసి మా తోటికోడలు ఫోను చేసింది. "ఎందుకక్కా ఈ వయసులో నీకీ జీవహింస?" అంది. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తామే అన్నాను. "మరి ఆ మాత్రానికి పట్టడం దేనికీ?" అంది. పులస కోసం పుస్తెలమ్ముకునే గోదావరి పక్క ఊరు మాది. అక్కడివాళ్ళకి ఈ సంగతి మింగుడుపడదు మరి! దానికి జవాబు చెప్పాలంటే ముందు నా కుడి భుజం సంగతి చెప్పాలి.

2021లో నా కుడి రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షలన్నీ అయ్యాక కేన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు. చంకలోని లింఫు గ్రంథులు కూడా కొన్ని తీసేశారు. తర్వాత రేడియేషన్. ప్రాణం దక్కింది, సంతోషమే. కానీ ఇంటికొచ్చాక తెలిసింది, కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదని. జడ వేసుకోవాలంటే కూతుర్ని పిలవాలి. జాకెట్టు తొడుక్కోవాలంటే కళ్ళల్లో నీళ్ళు. పై అరలో ఉన్న పప్పు డబ్బా అందుకోలేను. ఇవన్నీ ఎవరితో చెప్పుకుంటాం? "బతికి బయటపడ్డావు, అంతకంటే ఏం కావాలి" అంటారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళతో చేతిని పైకి పాకించమంది. పెన్సిలుతో గీత పెట్టుకుని, ఇవాళ నిన్నటి గీత దాటానా లేదా అని చూసుకునేదాన్ని. రెండు నెలలయ్యేసరికి విసుగొచ్చింది. గోడతో ఎంతసేపని మాట్లాడతాం! నా అవస్థ చూసి ఆ అమ్మాయే ఓ కాగితం చేతిలో పెట్టింది. 'కాస్టింగ్ ఫర్ రికవరీ' అని ఓ సంస్థ ఉంది, వాళ్ళ శిబిరానికి దరఖాస్తు పెట్టమంది.

ఈ సంస్థని 1996లో వెర్మాంట్ రాష్ట్రంలో మొదలుపెట్టారు. మొదలుపెట్టింది ఎవరో తెలుసా? రొమ్ము కేన్సర్ రోగులకి ఆపరేషన్లు చేసే ఓ డాక్టరమ్మ, గాలం వేయడం వృత్తిగా పెట్టుకున్న మరో ఆవిడ. ఫ్లై ఫిషింగ్‌లో చేతిని వెనక్కీ ముందుకీ మెల్లగా ఊపే ఊపు, ఆపరేషన్ తర్వాత డాక్టర్లు చెప్పే వ్యాయామంలాగే ఉంటుందని వాళ్ళు గమనించారు. అంతే, అమెరికాలో అనేక రాష్ట్రాల్లో శిబిరాలు పుట్టాయి. ఒక్కో శిబిరానికి పద్నాలుగు మంది ఆడవాళ్ళు, రెండున్నర రోజులు. తిండి, బస, సామాను అన్నీ వాళ్ళవే, మనం పైసా ఇవ్వక్కర్లేదు. దరఖాస్తులు ఎక్కువ వస్తాయి కాబట్టి లాటరీ తీసి పిలుస్తారు. మన డాక్టరు సరేనని సంతకం పెట్టాలి. రెండో ఏడు నా పేరు వచ్చింది.

ఆ శిబిరం గురించి రాస్తే మరో వ్యాసం అవుతుంది. ఇక్కడ ఒక్క మాట మాత్రం చెబుతాను. అక్కడ పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా నన్ను "ఇప్పుడెలా ఉంది?" అని జాలిగా అడగలేదు. "నీ లైను వెనకాల చక్కగా చాచుకుంటోందా?" అని అడిగారు. అప్పుడే ఈ లైను అన్నది నా బుర్రలో పడింది.

బరువంతా దారంలోనే!

మామూలు గాలంలో దారం చివర సీసపు గుండు కడతారు. విసిరినప్పుడు ఆ గుండే ముందుకి దూసుకుపోతూ సన్నటి దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అలా కుదరదు. ఇక్కడ కొక్కేనికి ఈకలు, బొచ్చు చుట్టి ఈగలాగానో నీటి పురుగులాగానో తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువే ఉండదు. దూదిపింజని విసిరి చూడండి, మీ కాళ్ళ దగ్గరే పడుతుంది. మరి ముప్పై అడుగుల దూరం ఎలా వెళ్తుంది? లైనుకే బరువు పెడతారు. మనం విసిరేది లైనుని. ఈగ దాని వెంట షికారుకెళ్తుంది, అంతే.

అందుకే ఈ లైను చూడ్డానికి కుట్టు దారంలా ఉండదు. లోపల అల్లిన నైలాను తాడు, దాని పైన నున్నటి ప్లాస్టిక్ పూత. సుమారు 90 అడుగుల పొడవు. దీని వెనక రీలుకి అంటిపెట్టుకుని ఇంకో తాడు ఉంటుంది, దాన్ని బ్యాకింగ్ అంటారు. పెద్ద చేప పడి పారిపోతే పనికొచ్చేది. ముందు వైపు కంటికి కనపడనంత సన్నగా తొమ్మిది అడుగుల నైలాను కొస, దాన్ని లీడరు అంటారు. ఆ కొసకి ఈగ.

చెయ్యి వెనక్కి ఊపి ఆపితే, లైను గాల్లో వెనక్కి చాచుకుంటూ తన బరువుతో కర్రని వంచుతుంది. వంగిన కర్ర మళ్ళీ నిటారుగా అవుతూ లైనుని ముందుకి విసురుతుంది. అంటే పని చేసేది కర్ర. మనం చెయ్యాల్సింది కాస్త ఆగడం. సరైన లైను ఉంటే భుజానికి దాదాపు శ్రమే ఉండదు. లైను మరీ తేలికైతే? కర్ర వంగదు. వంగని కర్రని వంచాలని మనం బలం పెడతాం, సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. మరీ బరువైతే కర్ర నీరసపడి తాటాకులా వాలిపోతుంది, లైను తల మీదే వచ్చి పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇది ఒట్టి చిరాకు. నాలాంటివాళ్ళకి మాత్రం మరునాడు జడ వేసుకోగలమా లేదా అన్న ప్రశ్న. అందుకే నేను కర్ర కంటే లైను ఎంపికకే ఎక్కువ తలపట్టుకుంటాను. ఇక్కడ చాలామంది కర్రకి వందల డాలర్లు పోసి, లైనుకి వచ్చేసరికి ఏదో ఒకటిలే అంటారు. నా మాట అడిగితే ఇది తలకిందులు యవ్వారం. మామూలు కర్రకి మంచి లైను కడితే బాగానే పడుతుంది. మంచి కర్రకి పనికిరాని లైను కడితే ఏమీ చెయ్యలేం.

కాసు బంగారం లెక్క

లైను డబ్బా మీద 4, 5, 6 అని ఓ అంకె ఉంటుంది. కర్ర మీద కూడా, మనం పట్టుకునే పిడికి కాస్త పైన, అదే అంకె ఉంటుంది. రెండూ కలవాలి. 5 అంకె కర్రకి 5 అంకె లైను. జాతకాలు చూసినట్టే!

ఆ అంకె ఏమిటంటే, లైను ముందు భాగం 30 అడుగుల బరువు. దాన్ని గ్రెయిన్లలో కొలుస్తారు. గ్రెయిన్ అంటే గింజ. బంగారాన్ని గురివింద గింజలతో తూచిన వాళ్ళం మనం, మనకిది కొత్త కాదు. ఈ గ్రెయిన్ మన గురివింద ఎత్తులో సుమారు సగం. 5 అంకె లైను 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. కాసు బంగారం 8 గ్రాములు కదా, దాని మీద మరో గ్రాము వేసుకోండి. 4 అంకెది 120 గ్రెయిన్లు, కాసుకి ఓ పిసరు తక్కువ. 6 అంకెది 160 గ్రెయిన్లు, పది గ్రాముల పైచిలుకు. ఇంత చిన్న తేడాకి ఇంత హడావిడా అనుకోకండి. అంత బరువే తొమ్మిది అడుగుల కర్రని విల్లులా వంచుతుంది.

ఈ లెక్క 1961లో అమెరికాలోని తయారీదార్ల సంఘం ఖాయం చేసింది. అంతకు ముందు లైనులు పట్టువి. పట్టంటే మన కంచి పట్టులాంటి పట్టే, దారాన్ని అల్లి నూనెలో నానబెట్టేవాళ్ళు. అప్పట్లో లైను ఎంత లావుంటే అంత బరువు కాబట్టి లావుని బట్టి ఇంగ్లీషు అక్షరాలతో పేర్లుండేవి. ప్లాస్టిక్ పూతలు వచ్చాక లావుకీ బరువుకీ పొత్తు చెడింది. నీటి మీద తేలేది లావుగా ఉండీ తేలిగ్గా ఉంటుంది. మునిగేది సన్నగా ఉండీ బరువుగా ఉంటుంది. దాంతో బరువునే తూచి అంకె వెయ్యడం మొదలైంది.

ఒక మోసం లాంటి విషయం చెబుతాను, జాగ్రత్తగా వినండి. డబ్బా మీద 5 అని వేసి లోపల ఆరుకి దగ్గరగా ఉన్న బరువు పెట్టే లైనులు ఇప్పుడు చాలా ఉన్నాయి. నియమం ప్రకారం 5 అంటే 134 నుంచి 146 గ్రెయిన్ల లోపు ఉండాలి. ఈ కాలం కర్రలు కాస్త బిర్రుగా ఉంటున్నాయి కాబట్టి వాటిని వంచడానికి బరువు పెంచామని కంపెనీల వాదన. అందులో కొంత నిజం ఉంది కూడా. దగ్గర్లో విసిరే కొత్తవాళ్ళకి ఆ బరువు మేలే చేస్తుంది. నేనూ అలాంటిదే వాడుతున్నాను. కాకపోతే మెత్తగా వంగే పాత కర్ర ఉన్నవాళ్ళు ఆ లైను కొంటే ఇబ్బంది పడతారు. డబ్బా వెనక గ్రెయిన్లు ఎన్నో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి. రాయకపోతే కొట్టువాడిని అడగండి. బంగారం కొట్లో తూకం చూడకుండా కొంటామా ఏమిటి!

అక్షరాల సంగతి

అంకెకి ముందూ వెనకా అక్షరాలుంటాయి. నా డబ్బా మీద 'డబ్ల్యూఎఫ్ 5 ఎఫ్' అని ఉంది. చివరి ఎఫ్ అంటే తేలేది. అక్కడ ఎస్ ఉంటే మునిగేది. కొత్తవాళ్ళు కళ్ళు మూసుకుని తేలేదే కొనండి. మునిగిన లైనుని విసరాలంటే ముందు నీళ్ళలోంచి లాగాలి, ఆ లాగుడు భుజానికి మంచిది కాదు. చెరువు అడుగున ఉన్న చేపల కోసం మునిగేవి వాడతారు, మనకా అవసరం తర్వాతెప్పుడో.

మొదటి రెండక్షరాలు లైను ఆకారం చెబుతాయి. డబ్ల్యూఎఫ్ అంటే బరువంతా ముందు వైపు ఉన్నది. ముందు ముప్పై నలభై అడుగులు లావు, ఆ వెనకదంతా సన్నం. లావు భాగం గాల్లోకి వెళ్తే సన్నటి భాగం వేళ్ళ మధ్యనుంచి జారుతూ దాని వెంట పోతుంది. దూరం పోవడానికి ఇది సులువు. డీటీ అన్నది రెండో రకం. రెండు కొసలూ సన్నం, నడుమంతా ఒకే లావు. ఇది దగ్గర్లో సుతారంగా పడుతుంది. అసలు లాభం ఇంకోటుంది. ముందు కొస అరిగిపోతే లైను మొత్తం విప్పి, తిరగేసి చుట్టుకోవచ్చు. వెనకాల కొస కొత్తగా ముందుకొస్తుంది. అరిగిన చొక్కా కాలరుని తిరగేసి కుట్టించేవాళ్ళు చూడండి, అలాగ. ఒక లైను డబ్బుతో రెండు. ఇంత పొదుపైనది కొట్లలో వెనక అరల్లో పడి ఉంటుంది, అడిగితే గానీ చూపించరు.

ఇంతకీ ఏది కొనాలి? నీళ్ళు పెద్దవైతే, గాలి ఎక్కువైతే డబ్ల్యూఎఫ్. నలభై అడుగులు దాటని చిన్న ఏరైతే డీటీ. మా శిబిరంలో నేర్పిన పెద్దావిడకి డెబ్భై ఏళ్ళు పైనే ఉంటాయి. ఆవిడ మాత్రం మా అందరికీ డబ్ల్యూఎఫ్ ఇచ్చింది. "మొదటి రోజు నీ చేతికి సంతోషం కలగాలి, పొదుపు సంగతి రెండో ఏడు చూద్దాం" అంది.

రంగు గురించి కూడా ఒక మాట. నారింజ, పసుపు, చిలకాకుపచ్చ, ఇలా కళ్ళు చెదిరే రంగుల్లో వస్తాయి. చేపకి కనపడదా అని నాకూ అనుమానం వచ్చింది. చేపకి దగ్గరగా వెళ్ళేది ముందున్న సన్నటి లీడరే, లైను కాదు. మనకి లైను కనిపిస్తేనే వెనక్కి చాచుకుందో లేదో తెలుస్తుంది. చూపు తగ్గినవాళ్ళు నిస్సంకోచంగా పసుపుపచ్చది తీసుకోండి.

వేడి నీళ్ళ లైను, చన్నీళ్ళ ఏరు

నా పుట్టినరోజుకి మా అమ్మాయి ఓ పెద్ద కొట్టుకెళ్ళి లైను తెచ్చింది. "అమ్మకి అన్నిటికంటే మంచిది కావాలి" అందట. అక్కడున్న కుర్రాడు 120 డాలర్ల డబ్బా తీసిచ్చాడు. మార్చి నెలలో మా ఏటికి తీసుకెళ్ళాను. రీలులోంచి తీయగానే టెలిఫోను తీగలా చుట్టలు చుట్టలుగా బయటికొచ్చింది. ఎంత లాగినా సాగదు. నీళ్ళ మీద పాములా మెలికలు తిరిగి పడుకుంది. అల్లుడు డబ్బా తిరగేసి చదివి, "అత్తయ్యా, ఇది సముద్రం కోసం చేసిన లైను, అందులోనూ ఉష్ణదేశాలకి" అన్నాడు. తిరిగివ్వబోతే, విప్పిన డబ్బా తీసుకోమన్నారు. అమ్మాయి మొహం చిన్నబోయింది. దాన్నలాగే దాచాం, ఎప్పుడైనా ఫ్లోరిడా వెళ్తే పనికొస్తుందని.

అసలు కారణం ఇది. లైను పూత వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది, కొబ్బరినూనెలాగా. ఎండ ప్రాంతాల కోసం చేసేవి కరగకుండా ఉండడానికి గట్టి పూతతో చేస్తారు. అవి చన్నీళ్ళలో బిరుసెక్కిపోతాయి. చన్నీళ్ళ లైనుని మన రాజమండ్రి మే నెల ఎండలో విప్పితే వాలిపోయి, చేతికి జిగురుజిగురుగా తగులుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు సరదాపడి ఇండియాకి పంపేటప్పుడు ఇది చూసుకోవాలి. ఖరీదుకీ మంచితనానికీ ఇక్కడ సంబంధం లేదు. 40 డాలర్ల లైను మన నీళ్ళకి తగినదైతే, 120 డాలర్ల తగని లైను కంటే నూరు రెట్లు నయం. నేనిప్పుడు వాడేది మధ్యరకం ధరది. 130 డాలర్లవి కూడా విసిరి చూశాను. కాస్త నున్నగా జారుతుంది, కాదనను. నలభై అడుగులు విసిరే నాకు ఆ నునుపుకి అంత డబ్బు దండగ.

మేం ఉండేచోట స్ప్రింగ్ క్రీక్ అని ఓ ఏరుంది. సున్నపురాతి నేలలోంచి ఊటలుగా ఉబికి వచ్చే నీళ్ళు కాబట్టి ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి. బెల్‌ఫాంట్ ఊరి దగ్గర ఫిషర్‌మెన్స్ పారడైజ్ అనే చోట నీళ్ళలోకి దిగనివ్వరు, గట్టు మీద నుంచే విసరాలి. నాకదే సుఖం, జారిపడే భయం లేదు. పక్కనే ఉన్న పెన్ స్టేట్ యూనివర్సిటీలో 1947 నుంచీ ఫ్లై ఫిషింగ్ మార్కులొచ్చే పాఠం! మన పిల్లలు కంప్యూటర్ సైన్సు కోసం వచ్చి ఇది కూడా చదువుకుని వెళ్తే తల్లిదండ్రులు ఏమంటారో! నీళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు లైసెన్సు తీసుకోవాలి సుమండీ. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి కొద్ది రోజులకి కూడా ఇస్తారు. ట్రౌట్ చేపకి విడిగా పర్మిట్టు కావాలి.

గుర్రం తోక నుంచి...

ఇది మగవాళ్ళ ఆట అనుకునేవాళ్ళకి ఒక ముచ్చట. గాలం గురించి ఇంగ్లీషులో అచ్చయిన తొలి పుస్తకం 1496 నాటిది. దాన్ని రాసింది డేమ్ జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని ఎన్నో తరాలుగా చెప్పుకుంటున్నారు. ఆవిడ రాసిందా, కాదా అని పండితులు తగవులాడుకుంటూనే ఉన్నారు. ఎవరు రాసినా, అందులో లైను తయారీ వంటింటి చిట్కా రాసినంత శ్రద్ధగా ఉంటుంది. తెల్ల గుర్రం తోక వెంట్రుకలు తెచ్చి, నీళ్ళ రంగుని బట్టి ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులు అద్దాలి. ఏ చేపకి ఎన్ని వెంట్రుకలు పేనాలో కూడా లెక్క ఉంది. చిట్టి చేపకి ఒక్కటి చాలు. ట్రౌట్‌కి తొమ్మిది, పెద్ద ట్రౌట్‌కి పన్నెండు, సాల్మన్‌కి పదిహేను. చేతికి తగినదీ, చేపకి తగినదీ కావాలన్న ఆలోచన అప్పుడే ఉందన్నమాట.

తర్వాత వచ్చిన పట్టు లైనులు ఎంత అందంగా ఉన్నా, వాటితో ఊడిగం మామూలుది కాదట. సాయంత్రం ఇంటికొచ్చి రీలు మీదనుంచి విప్పి ఆరబెట్టాలి, పొద్దున్నే కొవ్వు రాయాలి. లేకపోతే నీళ్ళు పీల్చి మునిగిపోతుంది, పట్టు కుళ్ళిపోతుంది. 1950ల తర్వాత ప్లాస్టిక్ పూతలు వచ్చాక ఆ బాధ తప్పింది.

జోన్ వుల్ఫ్ అని ఒకావిడ ఉన్నారు. 1926లో న్యూజెర్సీలో పుట్టి, వయసులో ఉండగా డాన్సు నేర్పేవారు. 1951లో దూరం విసిరే పోటీలో మగవాళ్ళందరినీ ఓడించారు. 1960లో 161 అడుగులు విసిరారు! బలం కాదు, లయ ముఖ్యం అని ఆడవాళ్ళకి నేర్పింది ఆవిడే. శిబిరంలో మాకు నేర్పిన పెద్దావిడ కూడా ఆ పద్ధతిలోనే కోలాటం వేయించినట్టు లెక్కపెట్టించింది. వెనక్కి, ఆగు, ముందుకి, ఆగు. ఆ 'ఆగు' దగ్గరే నా భుజం వదులైంది. గోడ మీద గీతలు పెట్టుకుని రెండు నెలలు పాకినా రానిది, లైను ఎటు పోతోందో చూస్తూ చూస్తూ తెలియకుండానే వచ్చింది. ఆ ఎండాకాలం చివరికి నా జడ నేనే వేసుకున్నాను. గాలం వల్లేనా అంటే, వ్యాయామం కూడా మానలేదు కాబట్టి అంతా దాని ఖాతాలో వెయ్యను. కానీ వ్యాయామానికి లేవని చెయ్యి, ఏటికి మాత్రం పొద్దున్నే లేచేది.

చెయ్యి భద్రం

లింఫు గ్రంథులు తీసేసినవాళ్ళకి ఆ వైపు చెయ్యి ఎప్పుడైనా వాచే ప్రమాదం ఉంటుంది. డాక్టరుని అడక్కుండా కర్ర పట్టకండి. చిన్న గీత పడినా, పురుగు కుట్టినా, ఎండకి కమిలినా ఆ చేతికి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. లైను వేళ్ళ మధ్య వేగంగా జారితే చర్మం కోసుకుపోతుంది, కాబట్టి నేను వేళ్ళకి గుడ్డ తొడుగు వేసుకుంటాను. పొడుగు చేతుల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, టోపీ తప్పనిసరి. కొక్కెం కంట్లో గుచ్చుకుంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? డాక్టరు బిగుతు తొడుగు వేసుకోమంటే అది వేసుకునే విసరండి. ఇరవై నిమిషాలకోసారి కర్ర కింద పెట్టి కూర్చోండి. చెయ్యి బరువుగా, బిగుతుగా అనిపిస్తే ఆ రోజుకి ఇంటికి పదండి, చేపలెక్కడికీ పోవు. ఎడమ చేత్తో విసరడం కూడా నేర్చుకోవచ్చు. మొదట నవ్వులాటగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

ఏటికి వెళ్ళక్కర్లేకుండా ఇంటి ముందు గడ్డిలోనే నేర్చుకోవచ్చు. కొక్కెం బదులు లీడరు చివర రంగు ఊలు ముక్క కట్టుకోండి. లీడరు లేకుండా మాత్రం లైనుని ఊపకండి, కొరడాలా ఝళిపించి కొస పగిలిపోతుంది. సిమెంటు నేల మీద అస్సలు వద్దు, పూత గీసుకుపోతుంది.

లైను సంరక్షణ మన పట్టుచీర కంటే తేలికే. రెండు మూడుసార్లు వాడాక గోరువెచ్చటి నీళ్ళలో కాస్త తేలికపాటి సబ్బు కలిపి, లైనుని అందులో వదిలి, మెత్తటి గుడ్డ మధ్యనుంచి లాగి తుడవాలి. నాచు, మట్టి గుడ్డకి అంటి వచ్చేస్తాయి. అవి అంటుకుని ఉంటేనే లైను మునుగుతుంది, జారదు. 'పాడైపోయింది, కొత్తది కొనాలి' అని పారేసేవాటిలో సగం ఒట్టి మురికివే అని నా అనుమానం. దోమల మందు రాసుకున్న చేతులతో ముట్టుకోకండి, అందులో డీట్ అనే మందు ప్లాస్టిక్‌ని తినేస్తుంది. కడుక్కుని పట్టుకోవాలి. ఎండలో ఆపిన కారులో రీలుని వదిలెయ్యకండి. చలికాలం అంతా రీలుకి చుట్టి ఉంచితే వంపులు అలాగే ఉండిపోతాయి. వసంతంలో విప్పేటప్పుడు రెండో మనిషిని కొస పట్టుకోమని, చీర మడత పెట్టేటప్పుడు చెరో కొస పట్టుకుని లాగినట్టు మెల్లగా లాగితే సాఫీ అవుతుంది. కొసలో పూత పగుళ్ళిచ్చి లోపలి తాడు కనిపిస్తే మాత్రం ఇక దాని పని అయిపోయినట్టే.

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ పక్కన నిలబడి తనకీ కావాలని ఒకటే గొడవ. దానికి చిన్న కర్ర దొరికింది, 4 అంకెది. లైను కోసం డీటీ 4 ఒకటి తీసుకుని, నడుమకి కత్తిరించాను. నలభై అయిదు అడుగుల ముక్క దాని రీలుకి చుట్టాం, అంతకంటే దూరం ఎలాగూ విసరదు. రెండో ముక్క చుట్టచుట్టి, పైన తారీఖు రాసి, పప్పు డబ్బాల పక్కన పై అరలో పెట్టాను.